సందులో పట్టిన కానుక

*పున్నమి వచ్చె పుట్టిన పిట్టకు, ఏమి పెట్టిరమ్మా?*
*పుట్టెడు తేనా, పట్టు పరుపా, ఏమి పెట్టిరమ్మా?*
*పుట్టెడు తేనె…*

ఆ తర్వాత ఏదో ఉంది. చిన్నప్పుడు ఊదలు దంచుతూ పాడుకునేవాళ్ళం. రోకటి పోటు గుర్తుంది గానీ మాట గుర్తు రావడం లేదు. పోనీలెండి పిల్లలూ, పాట పోయినా కథ ఉంది. వినండి.

ఇప్పలగొంది అని ఒక అడవి. రెండు కొండల నడుమ ఇరుకైన లోయ, లోయలో వాగు, వాగు వెంట ఇప్పచెట్లు, మద్దిచెట్లు. అక్కడ ఎలుగులు ఉండేవి, కొండముచ్చులు ఉండేవి, కుందేళ్ళు, ఉడుతలు, గోరింకలు ఉండేవి. ముసలి మద్దిచెట్టు తొర్రలో ఒక కొమ్ముపిట్టల జంట ఉండేది. కొమ్ముపిట్టను మీరు చూశారో లేదో. బూడిదరంగు ఒళ్ళు, పొడుగాటి తోక, వంకర ముక్కు, ఆ ముక్కు మీద చిన్న కొమ్ము. మగపిట్ట పేరు కొమ్మయ్య. ఆడపిట్ట పేరు పొన్నమ్మ.

కొమ్ముపిట్టల కాపురం వింతగా ఉంటుంది. గుడ్డు పెట్టే వేళకు తల్లి తొర్రలోకి వెళ్ళి కూర్చుంటుంది. మట్టీ పండ్ల గుజ్జూ కలిపి తొర్ర మూతికి గోడ కట్టేస్తారు. గోడలో ఒక్క సన్నని సందు వదులుతారు. తండ్రి ముక్కు కొన దూరేంత సందు, అంతే. లోపల తల్లి రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక ఆమె ఎగరలేదు. మళ్ళీ ఈకలు మొలిచి, పిల్ల పెద్దదయ్యేదాకా తండ్రి తెచ్చిందే తిండి. ఆయన మేడిపండ్లు గొంతు నిండా నింపుకొచ్చి, ఒక్కొక్కటే సందులోంచి అందిస్తాడు. ఆ పిట్టలకు ఈ మేస్త్రీ పని ఎవరు నేర్పారో! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంత గట్టి గోడ ఎందుకంటారా? ఆ అడవిలో ఒక ఉడుము ఉంది. అది చెట్లెక్కుతుంది. తొర్రల్లో తల దూర్చి పిల్లలను మింగుతుంది. కొమ్ముపిట్టల తొర్రలో మాత్రం దాని తల దూరదు.

ఇప్పలగొందిలో ఒక ఆచారం ఉండేది. పిల్ల పుట్టాక వచ్చే మొదటి పున్నమికి పుట్టినరోజు చేసేవారు. ఆ తర్వాత ఏడాదికొకసారి చేసేవారు. అది కాక చలికాలంలో, కొండ దిగువ ఊళ్ళో చర్చి మీద చుక్కదీపం వెలిగినప్పుడు చుక్క పండుగ చేసుకునేవారు. రెండు పండుగలకూ తల్లిదండ్రులు పిల్లలకు కానుకలు ఇచ్చేవారు.

పిల్లలకు ఇవ్వడంలో తప్పేముంది? ఏమీ లేదు. చిక్కంతా చదివింపుల దగ్గర వచ్చింది. పెళ్ళిళ్ళలో మీరు వినే ఉంటారు, ఎవరు ఏమిచ్చారో అందరి ముందూ గట్టిగా చెబుతారు. ఆ అడవిలో ఆ పని గోరింక నీలాలుది. దాని గొంతు రెండు కొండలకూ వినబడేది.

వేసవి మొదట్లో ఎలుగు కూన పుట్టినరోజు వచ్చింది. నీలాలు కొమ్మ ఎక్కి కూసింది.

"ఎలుగు మల్లన్నగారు తన కూనకు తేనెపట్టు చదివించారు! ముక్క కాదండోయ్, మొత్తం పట్టు!"

"ఓహో!" అని అడవంతా అంది. మల్లన్న ముఖం తేనెటీగలు కుట్టి గుమ్మడికాయలా ఉబ్బిపోయింది. అయినా గర్వంగా నిలబడ్డాడు.

అదే రోజు కుందేలు పిల్లకూ పుట్టినరోజే.

"కుందేలుగారు తన పిల్లకు గరిక చదివించారు!" అని నీలాలు కాసేపు ఆగింది. "గరికండీ, గరిక! మన కాళ్ళ కింద ఉండేదే!"

అందరూ పకపకా నవ్వారు. కుందేలు పిల్ల తల్లి పొట్ట కిందికి దూరి ముఖం దాచుకుంది.

ఆ నవ్వు కొమ్మయ్య చెవిలో ముల్లులా గుచ్చుకుంది. అప్పటికి తొర్రలో గుడ్డు పగిలి, పిల్ల బయటికి వచ్చింది. దానికి చిట్టి అని పేరు పెట్టుకున్నారు. కొమ్మయ్య సందు దగ్గర వాలి అన్నాడు.

"పొన్నా, వచ్చే పున్నమికి మన చిట్టికి ఈ అడవిలో ఎవరూ ఇవ్వనిది ఇస్తాను. నా బిడ్డను చూసి ఎవరూ నవ్వకూడదు."

"ముందు మేడిపండు ఇవ్వవయ్యా. నోరు తెరుచుకుని కూర్చుంది" అంది పొన్నమ్మ.

కొమ్మయ్య పండు ఇచ్చాడు గానీ మనసు పండు మీద లేదు.

కొండముచ్చుల పెద్ద పేరు తోకరాయుడు. అతని దగ్గర ఒక ఇత్తడి గంట ఉంది. ఏ ఊరి లేగదూడ మెడలోంచి లాక్కొచ్చాడో ఏమో, ఎండలో బంగారంలా మెరిసేది, కదిపితే ఖంగుమనేది. అలాంటిది అడవిలో ఇంకొకటి లేదు. కొమ్మయ్య వెళ్ళి అతని ముందు వాలాడు.

"ఆ గంట నాకు ఇస్తావా బావా? మా చిట్టి పుట్టినరోజు."

"ఎందుకివ్వను బావా, నీ బిడ్డ నా బిడ్డ కాదా?" అన్నాడు తోకరాయుడు తోక దువ్వుకుంటూ. "కానీ ఊరికే తీసుకుంటే నీ పరువేం కాను? నువ్వు రోజూ పండ్లు తెచ్చే మేడిచెట్టు ఎక్కడుందో ఒక్కసారి చూపించు. అంతే."

కొమ్మయ్య ఒకసారి కొండ వైపు చూశాడు. ఆ చెట్టు కొండచరియ పగులులో ఉంది. పై నుంచి ఎగిరేవాళ్ళకు తప్ప కనబడదు. కొమ్మకొమ్మకూ కాయలు. చిట్టి పెద్దదయ్యేదాకా సరిపడే తిండి అది.

'కొండముచ్చులు ఎంత తింటాయిలే' అనుకున్నాడు. 'కడుపు నిండితే పోతాయి. కానుక మాత్రం ఉండిపోతుంది.'

పున్నమి రోజు తెల్లవారగానే చెట్టు చూపించాడు. తోకరాయుడు ఒక్కడే రాలేదు. పెళ్ళాలను, పిల్లలను, అన్నదమ్ములను, అన్నదమ్ముల అత్తవారిని వెంటబెట్టుకొచ్చాడు. పండినవి తిన్నారు, పచ్చివి కొరికి పారేశారు, చేతికి అందని కొమ్మలు విరిచారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చెట్టు మీద ఆకులే మిగిలాయి. కొమ్మయ్య ఎగురుకుంటూ వెతికితే ఒక్క పండు దొరికింది. దాన్ని గొంతులో దాచుకున్నాడు.

"మంచి చెట్టు బావా!" అన్నాడు తోకరాయుడు త్రేన్చి. "రెండో పిల్ల పుట్టినప్పుడు కూడా పిలువు." గంట ఇచ్చి వెళ్ళిపోయాడు.

'రేపటి సంగతి రేపు చూసుకుందాం' అనుకున్నాడు కొమ్మయ్య. రేపు అనేది ఎంత దగ్గరలో ఉంటుందో, పండుగ ముందు ఎవరికి తోస్తుంది చెప్పండి?

పొద్దు గూకింది. చంద్రుడు కొండ మీదికి వచ్చాడు. అడవంతా మద్దిచెట్టు కింద చేరింది. కొమ్మయ్య గంట తాడు ముక్కున కరుచుకుని వచ్చాడు. ఖంగు, ఖంగు, ఖంగు! అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి.

"అబ్బో! గంటే!" అన్నాయి ఉడుతలు.

నీలాలు గొంతు సవరించుకుంది. "కొమ్మయ్యగారు తన…"

"ఆగు నీలాలూ. ముందు నా బిడ్డకు అందనీ. తర్వాత చదువు" అన్నాడు కొమ్మయ్య.

గంట సందులో పెట్టాడు. దూరలేదు. ఇటు తిప్పాడు. దూరలేదు. అటు తిప్పాడు. తాడు లోపలికి వెళ్ళింది గానీ గంట బయటే వేలాడింది.

"తలకిందులుగా పెట్టు!" అన్నాడు ఎలుగు మల్లన్న.

"ఇప్పనూనె రాసి చూడు మామా!" అంది ఒక ఉడుత. కిసకిసమని నవ్వులు మొదలయ్యాయి.

"ఇంత తండ్రివి, గోడకు భయపడతావేం బావా?" అని పై కొమ్మ మీద నుంచి తోకరాయుడు కేక వేశాడు. "మట్టి గోడేగా. పగలగొట్టు. మళ్ళీ కట్టుకోవచ్చు."

కొమ్మయ్య ముక్కు పైకెత్తాడు. లోపలి నుంచి పొన్నమ్మ గొంతు వినబడింది.

"ముక్కు దించు."

"పొన్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఉడుము కూడా ఎక్కడో ఉండి చూస్తూనే ఉంటుంది."

"కాసేపే కదా. గంట లోపల పెట్టగానే కట్టేస్తాను."

"తడి గోడ ఎండాలంటే ఎండ కావాలయ్యా. వెన్నెల్లో మట్టి ఎండుతుందా? గోడ కట్టినవాడివే, నీకు తెలియదా?"

తెలుసు. కానీ కింద నవ్వులు పెరుగుతున్నాయి. కొమ్మయ్య కళ్ళు మూసుకుని గోడ మీద ఒక్క పోటు పొడిచాడు. మట్టిపెళ్ళ ఒకటి ఊడి కింద పడింది. సందు కాస్త పెద్దదైంది. మళ్ళీ ముక్కు ఎత్తి కళ్ళు తెరిచాడు.

సందులో పొన్నమ్మ ముక్కు అడ్డంగా ఉంది.

"ఇక పొడిస్తే నన్నే పొడవాలి" అంది ఆమె. "నాకు రెక్కలు లేవు. నా బిడ్డకు ఇంకా రాలేదు. మాకున్నది ఈ గోడ ఒక్కటే. ఇది పగలదు."

కొమ్మయ్య ఎత్తిన ముక్కు ఎత్తినట్టే ఉండిపోయింది.

మట్టిపెళ్ళ పడిన చప్పుడు విన్నది ఇంకొకటి ఉంది. అది చెట్టు వెనకవైపు నుంచి గోళ్ళతో పాకుతూ చప్పుడు లేకుండా పైకి వచ్చింది. ఎవరూ చూడలేదు. ఉడుము వచ్చి కొమ్మయ్య తోక పట్టేసింది.

కొమ్మయ్య కెవ్వుమన్నాడు. రెక్కలు టపటపా కొట్టుకున్నాడు. తోక ఈకలన్నీ ఉడుము నోట్లో ఉండిపోయాయి. సందులో వేలాడుతున్న గంట ఊడి, కొమ్మకు తగిలి, బండకు తగిలి, వాగు మడుగులో పడి మునిగిపోయింది.

ఉడుము ఈకలు ఉమ్మేసి గోడ వైపు తిరిగింది. విరిగిన చోట మూతి పెట్టింది. నాలుక లోపలికి చాచింది. చిట్టి కీచుమంది. పొన్నమ్మ వెనక్కి జరగలేదు. ఉన్న బలమంతా మెడలోకి తెచ్చుకుని ఉడుము ముక్కు మీద పొడిచింది. మళ్ళీ పొడిచింది. సందు ఇంకొంచెం పెద్దదై ఉంటే ఉడుము తల దూరేది. దూరలేదు. మూతి నెత్తురు కారుతుంటే జరజరా కిందికి పాకింది. కింద ఎలుగు మల్లన్న కాలు ఎత్తి నిలబడి ఉండేసరికి పొదల్లో పడి పారిపోయింది.

ఇక ఎవరూ నవ్వలేదు.

నీలాలు బిక్కముఖం వేసింది. "ఇప్పుడు నేను ఏమని చదవనూ?"

"ఏమయ్యా, నీ గొంతులో ఏమైనా ఉందా?" అని అడిగింది పొన్నమ్మ.

కొమ్మయ్య దాచిన పండు బయటికి తీసి సందులోంచి అందించాడు. చిట్టి గుటుక్కున మింగింది.

"చదువు నీలాలూ" అంది పొన్నమ్మ. "చిట్టి పుట్టినరోజుకు తండ్రి ఒక మేడిపండు ఇచ్చాడని చదువు. మెల్లగా కాదు, నీకున్న గొంతంతా పెట్టి చదువు."

నీలాలు చదివింది. రెండు కొండలకూ వినబడింది. తోకరాయుడు ఒక్కడు 'ఖీఖీ' అన్నాడు గానీ, తనతో ఎవరూ నవ్వకపోయేసరికి నోరు మూసుకున్నాడు.

మల్లన్న తల గోక్కుంటూ అన్నాడు. "ఒక మాట చెప్పనా? ఆ తేనెపట్టు తెచ్చిన రోజు నా కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. మా కూన తేనె నాకుతుంటే దాని ముఖం చూడాలని ఎంత ఆశపడ్డానో! చూడలేకపోయాను. ఓహో అన్న చప్పుడు మాత్రం విన్నాను."

ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. కొమ్మయ్య సందు పక్కన తల దించుకుని కూర్చున్నాడు.

"రేపటికి పండ్లు ఉన్నాయా?" అంది పొన్నమ్మ.

"లేవు" అన్నాడు. దాచకుండా అంతా చెప్పాడు. చెట్టు చూపించడం, కొండముచ్చుల మూక, విరిగిన కొమ్మలు, అంతా.

పొన్నమ్మ తిడుతుందేమో అని ఎదురుచూశాడు. తిడితే బాగుండును అనిపించింది. ఆమె తిట్టలేదు.

"రెండో కొండకు అవతల పండ్లు కాసే జువ్విచెట్టు ఉందని మా అమ్మ చెప్పేది. దూరం. తోక లేకుండా నీకు కష్టం. అయినా వెళ్ళాలి."

"వెళ్తాను" అన్నాడు కొమ్మయ్య.

ఆ రాత్రే పొన్నమ్మ లోపలున్న మట్టి గీరి, ఎప్పటివో మిగిలిన పండు తొక్కలు నలిపి కలిపి, విరిగిన చోట పూసింది. ఉదయం ఎండ పడగానే గోడ గట్టిపడింది.

తోక లేని పిట్టకు గాలిలో చుక్కాని లేనట్టే. కొమ్మయ్య ఒరుగుతూ, వంకర పోతూ, కొమ్మలకు కొట్టుకుంటూ రెండో కొండ దాటేవాడు. పొద్దున వెళితే పొద్దు వాలాకే వచ్చేవాడు. తెచ్చేది గొంతులో సగం. దారిలో తనకు ఆకలేస్తే నీళ్ళు తాగేవాడు. దారి మధ్యలో ఒక్కరోజు కూడా ఆగిపోలేదు.

పండ్లు సందులోంచి లోపలికి వచ్చేవి. పొన్నమ్మ వాటిని చిట్టి నోట్లో పెట్టేది.

"నువ్వు తినవా అమ్మా?" అని అడిగేది చిట్టి.

"నేను నీకంటే ముందే తిన్నానులే. నువ్వు తిను" అనేది పొన్నమ్మ.

ఒకనాటి సాయంత్రం కొమ్మయ్య పండ్లతో పాటు ఇంకొకటి తెచ్చాడు. రేలచెట్టు పూసింది. దారిలో రాలిన ఒక పసుపుపచ్చ రేకును ముక్కు కొసన పట్టుకొచ్చాడు. ఇవ్వాలా వద్దా అని సిగ్గుపడుతూ సందులో పెట్టాడు. అది సులువుగా లోపలికి జారింది.

చిట్టి పుట్టిన దగ్గర నుంచీ చీకటే చూసింది. పసుపు రంగు ఎలా ఉంటుందో దానికి తెలియదు. రేకును సందు వెలుతురులో పెట్టి చూసింది. తల మీద వేసుకుంది. కిందపడేసి మళ్ళీ ఏరుకుంది. ఆ చీకటి తొర్రలో ఆకలి మీద ఉన్న పిల్ల కిలకిలా నవ్వింది.

"ఇది పట్టిందయ్యా" అంది పొన్నమ్మ.

కొమ్మయ్య అలిసిన రెక్కలు ముడుచుకుని, ఆ నవ్వు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు.

తర్వాత ఒక పుట్టినరోజు నాడు నీలాలు చదవడానికి కొమ్మ ఎక్కింది. పొన్నమ్మ సందులోంచి పిలిచింది.

"నీలాలూ, చదవడం మానకు. కానీ కానుక ఎంత పెద్దదో చదివితే చాలదమ్మా. మర్నాడు ఆ ఇంట్లో మేత ఉందో లేదో కూడా వెళ్ళి చూసి, అదీ కలిపి చదువు."

నీలాలుకు ఈ మాట నచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చూడటమంటే దానికి మహా సరదా. "ఏదుపందిగారు పిల్లకు దుంపల బుట్ట చదివించారు! మర్నాడు ఇంటిల్లిపాదీ పస్తు!" అని చదివింది. ఏదుపంది ముఖం మాడిపోయింది. ఇంకో రోజు "కుందేలుగారు కొత్తగా పుట్టిన పిల్లకు గరిక చదివించారు! మర్నాడు ఇంటి నిండా గరికే! పిల్లలు గెంతుతున్నారు!" అని చదివింది. కుందేలు పెద్ద పిల్ల ఈసారి ముఖం దాచుకోలేదు. రెండు చెవులూ నిటారుగా నిలబెట్టింది.

ఇంకేముంది, పెద్ద పెద్ద కానుకల గోల అడవిలో తగ్గిపోయింది. తోకరాయుడు గంటల్లాంటివి ఇంకా దాచుకున్నాడు గానీ బేరానికి ఎవరూ రాలేదు.

వానలు పడ్డాయి. నేరేళ్ళు పండాయి. దగ్గర్లోనే తిండి దొరికింది. కొమ్మయ్యకు కొత్త తోక మొలిచింది. ఒక ఉదయం పొన్నమ్మ, చిట్టి కలిసి లోపలి నుంచి గోడ పగలగొట్టారు. ఈసారి పగలగొట్టే వేళ అయింది కాబట్టి పగలగొట్టారు. చిట్టి రెక్కలు విప్పి ఎగిరింది. బూడిదరంగులో మెరిసే పెద్ద పిల్ల అయింది, ఒంటి మీద ఒక్క ఈక తక్కువ లేదు. పొన్నమ్మ మాత్రం చిక్కి సగమైంది. కొత్త ఈకలు ఇంకా పొట్టిగా ఉన్నాయి. తొర్ర పక్క కొమ్మ దాకా గెంతి, ఆయాసపడుతూ కూర్చుంది.

చిట్టి ఎదుటి నేరేడుచెట్టు దాకా వెళ్ళింది. తన బతుకులో మొట్టమొదట తానే కోసుకున్న పండు అది. మింగలేదు. ముక్కున పట్టుకుని తల్లి దగ్గరికి తిరిగి వచ్చింది.

"నువ్వు తిను తల్లీ. నేను ముందే…" అనబోయింది పొన్నమ్మ.

చిట్టి పండు తల్లి నోట్లో పెట్టి, ఎదురుగా కూర్చుని అంది.

"చీకట్లో కళ్ళు కనబడవు గానీ చెవులు వినబడతాయమ్మా. నువ్వు మింగిన చప్పుడు నాకు ఒక్కసారి కూడా వినబడలేదు. ఇది నా ముందే మింగు."

నీతి: పిల్లలకిచ్చే కానుక ఇంటి గోడను పగలగొట్టకూడదు, రేపటి ముద్దను మింగకూడదు; ఆ రెండూ నిలిచాక మిగిలింది ఎంతైనా, ఎంత చిన్నదైనా, మనసారా ఇవ్వాలి.